ఆదివారం పందెం

"రేపు ఆదివారమేగా, ఖాళీగానే ఉంటావుగా" అంటూ శనివారం రాత్రి మా ఆయన కరుణాకర్ రెండు కిలోల కోడిమాంసం సంచీ తెచ్చి సింకులో పెడతాడు. ప్రతి వారం ఇదే మాట, ఇదే సంచీ. నేను తెల్లారకముందే లేచి ఉల్లిపాయలు తరిగి, అల్లం వెల్లుల్లి నూరి, మాంసానికి ఉప్పూ కారం పట్టించి, ఇల్లు తుడిచి, ఇస్త్రీ చీర కట్టుకుని చర్చికి పరిగెత్తాలి. అక్కడ పాస్టరుగారు విశ్రాంతి దినం ఎంత పవిత్రమైనదో చెబుతుంటే నా మనసంతా ఫ్రిజ్‌లో ఉన్న ఆ మాంసం మీదే ఉంటుంది. ఆరాధన అవగానే మరుదులు, ఆడపడుచులు, ఒక్కోసారి సంఘపెద్దలు నల్లపాడులో మా ఇంటికే వస్తారు. "సంతోషకుమారి చేతి కూర తినకపోతే ఆదివారం అయినట్టే ఉండదమ్మా" అంటారు. ఆ పొగడ్తకి ఏళ్ళ తరబడి మురిసిపోయాను కూడా, పిచ్చిమొహాన్ని. అందరూ తిని లేచాక నేనూ, మా అత్తయ్య సువార్తమ్మా వంటింట్లో పీటలేసుకుని, చల్లారిన అన్నంలో గిన్నె అడుగున మిగిలిన పులుసు కలుపుకుంటాం.

అందుకే మా స్టాఫ్ రూమ్‌లో పందెం పెట్టుకుందామనుకున్నప్పుడు ఆదివారాన్నే పెట్టాం.

నేను గుంటూరులో ఒక ఆడపిల్లల కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. ప్రతి ఫిబ్రవరిలో మా గ్రౌండ్‌లో అమ్మాయిల బాస్కెట్‌బాల్ టోర్నమెంటు జరుగుతుంది. ఎనిమిది కాలేజీల జట్లు వస్తాయి, బుధవారం మొదలై శనివారం ఫైనల్. కప్పు ఏ కాలేజీదో, ఫైనల్ స్కోరు ఎంతో ముందే చెప్పాలి. ఇద్దరు ఒకే కాలేజీ పేరు చెబితే స్కోరు ఎవరిది దగ్గరైతే వాళ్ళు గెలిచినట్టు. ఇది మొదలుపెట్టింది హిస్టరీ కరీమున్ మేడమ్, ఇప్పుడు రిటైరయ్యారు. "డబ్బు పెడితే ఇంట్లో లెక్క చెప్పాలి. పని పెడదాం, ఎవడూ అడగడు" అన్నారావిడ. గెలిచిన మనిషికి మర్నాటి ఆదివారం బహుమతి. ఓడినవాళ్ళంతా తలా ఒక వంటకం వండి క్యారియర్లలో ఆమె ఇంటికి చేర్చాలి. ఆ రోజు ఆమె వంటింట్లో అడుగు పెట్టకూడదు, గరిటె ముట్టకూడదు, ఆఖరికి వడ్డించనూ కూడదు. ఇంకో షరతు కూడా ఉంది. ఈ వారం కుదర్లేదు, పై వారం తీసుకుంటాను అంటే చెల్లదు. "మనింట్లోవాళ్ళు పై వారం అంటే ఏ వారమో మనకి తెలీదా?" అన్నారు కరీమున్ మేడమ్.

ఆ ఆదివారాలతో మావాళ్ళు ఏం చేసుకున్నారో చెబితే మీరు నవ్వుతారు. ఇంగ్లీషు చెప్పే తేజశ్రీ తలంటుకుని డాబా మీద కూర్చుంది. "జుట్టు ఆరేదాకా కూర్చున్నానక్కా! పూర్తిగా ఆరేదాకా!" అని సోమవారం పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. ల్యాబ్‌లో చేసే పుల్లమ్మ చీరాల రైలెక్కి వాడరేవు పోయి మోకాళ్ళదాకా నీళ్ళలో నిలబడి వచ్చింది. చీర అంచుకి అంటిన ఇసక దులపకుండా అదే చీరతో కాలేజీకి వచ్చి అందరికీ చూపించింది. వాళ్ళ మొహాలు చూస్తుంటే నాకు గర్వంగా ఉండేది. చార్టు గీసేది నేను, అందరి అంచనాలూ రాసేది నేను, ఎవరు ఏం వండాలో పంచేది నేను. తేజశ్రీ అత్తగారు ఫోన్ చేసి "ఈ వారం చుట్టాలొస్తున్నారమ్మా, పై వారానికి మార్చు" అంటే "కుదరదండీ" అని మొహమాటం లేకుండా చెప్పిందీ నేనే. నా ఆదివారం సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. నడిపే మనిషి ఆడకూడదు గదా.

కిందటేడు ఒకటి చూశాను, అది నన్ను వదల్లేదు. మా జట్టు ప్రతి ఏడూ మొదటి రోజే ఓడిపోతుంది. ఓడిపోయాక వాళ్ళు ఆతిథ్యమిచ్చే కాలేజీ పిల్లలు కాబట్టి వాలంటీర్ బ్యాడ్జీలు పెట్టుకుని మిగతా జట్లకి భోజనాలు వడ్డించాలి. అదెప్పటినుంచో ఉన్న పద్ధతి. కెప్టెన్ ఫెబా చెమట ఆరని జెర్సీలోనే, తమని పొద్దున ఓడించిన పిల్లల విస్తళ్ళలో సాంబారు పోస్తోంది. ముగింపు సభలో ప్రిన్సిపాల్ గారు మైకు పట్టుకుని "మన అమ్మాయిలు ఓడిపోయినా ఎంత ఓర్పుగా వడ్డించారో!" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. ఫెబా మాత్రం తల ఎత్తలేదు.

ఈ జనవరిలో ఆ పిల్ల ప్రాక్టీసున్న రోజుల్లో నా క్లాసుకి ఆలస్యంగా రావడానికి పర్మిషన్ కావాలని నా దగ్గరకొచ్చింది. పర్చూరు పక్క పల్లెటూరు వాళ్ళది, మనిషి పొట్టి, మాట సూటి.

"ఈసారి మేం వడ్డించం మేడమ్. శనివారం దాకా ఆడతాం."

"ఓడిపోతేనో?"

"ఓడినా వడ్డించం. షాహిస్తా మేడమ్ ప్రిన్సిపాల్ గారికి చెప్పేశారు. భోజనాలకి క్యాటరింగ్ వాళ్ళొస్తారు."

షాహిస్తా మా ఫిజికల్ డైరెక్టర్. తల చుట్టూ స్కార్ఫు, మెడలో విజిల్, నీళ్ళ క్యాను తనే భుజాన మోసుకొచ్చే రకం. ఆ నెలంతా నేను ముందు బస్సుకే కాలేజీకి పోయాను, వాళ్ళ ప్రాక్టీసు చూడటానికి. ఫెబా తనకంటే తలెడు పొడవున్న పిల్లల చేతుల కిందినుంచి దూరి బంతి తీసుకుపోతుంటే, చెయ్యి జారితే తిట్టుకోకుండా వెనక్కి వచ్చి మళ్ళీ మొదలుపెడుతుంటే, అబ్బ, ఎంత ముచ్చటేసేదో! వంటింట్లో నిలబడి కూడా నేను ఆ పరుగునే తలుచుకునేదాన్ని. కూర మాడి మా ఆయన చేత మాట పడ్డాను కూడా.

టోర్నమెంటు ముందురోజు స్టాఫ్ రూమ్‌లో చార్టు గోడకి అంటించాను. అంచనాలు చెప్పమని అడగబోయి, ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం, "ముందు నాది రాస్తాను" అన్నాను.

"నడిపేవాళ్ళు ఆడకూడదుగా అక్కా?" అంది తేజశ్రీ.

షాహిస్తా కుర్చీలోంచి ముందుకు వంగింది. "ఆ రూల్ ఎవరు పెట్టారు? కరీమున్ మేడమ్ అయితే పెట్టలేదు. నేను మొదటి ఏడాదినుంచీ ఉన్నాగా."

నేను ఆలోచించాను. నిజమే, ఎవరూ పెట్టలేదు. ఎవరూ నాకు చెప్పనూ లేదు. మొదటి ఏడాది చార్టు నా చేతికి రాగానే నేనే పక్కకి తప్పుకున్నాను. ఎందుకు తప్పుకున్నానంటే, ఇంట్లో గరిటె నా చేతికి వచ్చినరోజు నుంచీ నేను అందరి తర్వాతే తింటున్నాను కాబట్టి. నా చేతులకి అలవాటైపోయింది, ఏది పంచినా నాకు నేను పెట్టుకోవడం మర్చిపోతాను. ఎంత ఒళ్ళు మండిందంటే, మార్కర్ తీసుకుని పెద్దక్షరాలతో మా కాలేజీ పేరే రాసి, పక్కన యాభై రెండు, యాభై ఒకటి అని స్కోరు కూడా రాశాను. గది గదంతా గొల్లుమంది.

"అయ్యో అక్కా, స్టాటిస్టిక్స్ మేడమ్ వేసే లెక్కేనా ఇది?" అంది తేజశ్రీ. తను మాత్రం మూడుసార్లు కప్పు కొట్టిన విశాఖ జట్టు పేరు రాయించింది. మిగతావాళ్ళూ సగం మంది అదే రాయించారు.

బుధవారం మొదటి మ్యాచి మావాళ్ళు గెలిచారు. ఏదో కలిసొచ్చింది అనుకున్నారంతా. శుక్రవారం సెమీఫైనల్ విశాఖ జట్టుతో. ఆ రోజు మా కాలేజీ దగ్గర్లోని మిర్చి యార్డుకి మిరపకాయల లారీలు బారులు తీరాయి, గాలి ఇటు తిరిగింది. రెండో క్వార్టర్ మొదలయ్యేసరికి విశాఖ పిల్లలకి ఒకటే దగ్గు, తుమ్ములు, కళ్ళమ్మట నీళ్ళు. మా పిల్లలకి అసలు ఘాటుందన్న సంగతే తెలీలేదు, పుట్టినప్పటినుంచీ పీల్చే గాలేగా! ఇన్నేళ్ళుగా జట్ల ఎత్తులూ పాత గెలుపులూ లెక్కేస్తూ పందెం నడిపినదాన్ని, ఫిబ్రవరిలో గుంటూరు గాలిని లెక్కలో వెయ్యాలని నాకూ తట్టలేదు. విరామంలో ఫెబా తన తువ్వాలు తడిపి తీసుకెళ్ళి అవతలి కెప్టెన్ చేతిలో పెట్టింది. "ముక్కుకి అడ్డం పెట్టుకుని కాసేపు మెల్లగా పీల్చండి, సర్దుకుంటది" అంది. ఆ పిల్ల సర్దుకున్నాక ఫెబా ఆమె మీదినుంచే బంతి వేసి గెలిచింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది. ఏం పెంపకమే తల్లీ అనుకున్నాను.

ఫైనల్ చివరి నిమిషంలో మావాళ్ళు ఒక్క పాయింటు వెనకున్నారు. ఫెబాని అవతలివాళ్ళు తోసేశారు, కిందపడింది. రెండు ఫ్రీ త్రోలు ఇచ్చారు. లేచి మోచెయ్యి దులుపుకుని ఎవరివంకా చూడకుండా గీత దగ్గర నిలబడింది. మొదటిది పడింది. రెండోది రింగు మీద తిరిగి తిరిగి పడింది. ఆట ముగిసిన విజిల్ మోగింది. అంతే, నేను చెప్పులు వదిలేసి కోర్టులోకి పరిగెత్తాను. "ఒసేయ్ ఫెబా! ఒసేయ్ బంగారం!" అని అరిచింది నేనేనని తర్వాత మా స్టూడెంట్లు చెప్పారు. మా జట్టు పేరు చెప్పింది నేనొక్కదాన్నే కాబట్టి స్కోరు చూడాల్సిన పని కూడా లేకపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆయన ఫోన్లో ఉన్నాడు. "తప్పకుండా రండయ్యగారూ, ముగ్గురూ రండి, భోజనం మా ఇంట్లోనే" అని పెట్టేసి నావైపు తిరిగాడు. "రేపు పాస్టరుగారూ ఇద్దరు సంఘపెద్దలూ వస్తున్నారు. మటన్ చెప్పనా?"

పందెం సంగతి చెప్పాను. ముందు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి మొహం మారింది.

"ఎవరో వండుకొచ్చింది పాస్టరుగారికి పెడతామా? పరువుండక్కర్లా?"

"ఎవరో కాదండీ. నా స్టాఫ్ రూమ్."

"సరే, పై వారం పెట్టుకో. ఎవడు కాదన్నాడు?"

సరేనండీ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ళు ఆ మాటతోనే కాపురం చేశాను. తేజశ్రీ అత్తగారికి నేను చెప్పిన కుదరదు గుర్తొచ్చింది. ఊళ్ళోవాళ్ళ ఆదివారాలకి కాపలా కాసినదాన్ని, నాది నేనే వదిలేసుకుంటే రేపు పుల్లమ్మ మొహం ఎట్టా చూడను? ఓడినా వడ్డించం అన్న ఆ పొట్టిపిల్ల మొహం ఎట్టా చూడను?

"వాయిదా వేస్తే చెల్లదండీ" అన్నాను.

"అయితే వడ్డించేదెవరు? మా అమ్మా?"

"అత్తయ్యెందుకు? మీరున్నారుగా."

అత్తయ్య మంచం మీద కూర్చుని అంతా వింటోంది. నన్ను తిడుతుందనే అనుకున్నాను. "మా రోజుల్లో ఇట్టాంటి పందేలు ఏడున్నయ్యమ్మా" అని మాత్రం అని, అటు తిరిగి పడుకుంది.

ఆదివారం చర్చిలో ప్రసంగం మొత్తం విన్నాను, మొదటిసారి. ఇంటికొచ్చేసరికి గుమ్మంలో ఆటో. షాహిస్తా బిర్యానీ, తేజశ్రీ గోంగూర మటన్, పుల్లమ్మ చేపల పులుసు. దగ్గర్లోనే ఉంటుంది గనక అన్నం కూడా పుల్లమ్మే పొయ్యి మీదినుంచి దించి, తువ్వాలు చుట్టి, పొగలు కక్కుతుండగా తెచ్చింది. అన్నీ బల్లమీద పెట్టి, షరతు గుర్తుంచుకోమన్నట్టు నా వంక వేలు చూపించి వెళ్ళిపోయారు. వాళ్ళెక్కిన ఆటోలోంచి ఫెబా తల బయటపెట్టింది. "నేను వడ్డించనన్నా గదా మేడమ్, ఊరికే చూట్టానికొచ్చా" అని నవ్వింది.

బల్ల దగ్గర పాస్టరుగారు, ఇద్దరు పెద్దలు కూర్చున్నారు. నేనూ ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మా ఆయన గరిటె పట్టుకుని, ఎవరో తప్పు ఇంటికి పంపిన మనిషిలా నిలబడ్డాడు. పాస్టరుగారు నన్ను చూసి, ఆయన్ని చూసి, "ఇన్నేళ్ళకి మీరూ మాతో కూర్చున్నారమ్మా, మంచిది" అన్నారు. ఆ మాటతో ఇక చేసేదేం లేక మా ఆయన వడ్డించడం మొదలుపెట్టాడు.

వంటింటి గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది, అందరూ లేచేదాకా నిలబడే చోటే. నా పక్క కుర్చీ జరిపాను.

"రండత్తయ్యా."

"నేనెందుకే, తర్వాత తింటాలే."

"గెలిచింది నేను. ఇవాళ తర్వాత లేదు, రండి."

కొడుకు వంక చూసింది. మెల్లగా వచ్చి, కుర్చీ అంచు మీద, చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలా కూర్చుంది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. మా ఆయన ఆవిడ కంచంలో అన్నం పెట్టి, పైన పులుసు పోశాడు. ఆవిడ రోజూ లాగానే గబుక్కున ఐదు వేళ్ళూ పెట్టి కలపబోయి, అబ్బా అని చెయ్యి వెనక్కి లాక్కుంది. ఎర్రబడ్డ వేళ్ళ వంక చూసుకుంది. తర్వాత తలెత్తి, కోపంగా కాదు, తెలియక అడిగినట్టే కొడుకుని అడిగింది.

"ఇంత వేడిగా తింటారంట్రా మీరు, రోజూ?"