క్లైవ్ రాసిన పన్నెండు గంటలు

కారులో మూడు గడియారాలున్నాయి, మూడూ మూడు మాటలు చెబుతున్నాయి. కారుకున్న గడియారం ఏడు నిమిషాలు ముందుంటుంది. కొన్నప్పటినుంచీ మెర్వ్ దాన్ని సరిచేస్తానంటూనే ఉన్నాడు. అతని ఫోను కూలంగట్టాలో పది నలభై చూపించి, మలుపు తిరిగేసరికి పదకొండు నలభై అంది, ఇంకో మలుపుకి మళ్ళీ పది నలభై ఒకటికి దిగొచ్చింది. అతని భార్య గ్లెనిస్ చేతి గడియారం సంగతి వేరు. దాన్ని పొద్దున్నే వంటింటి బల్లమీద పెట్టుకుని, కళ్ళజోడు తగిలించుకుని, గంట ముందుకి తిప్పింది.

"ఇంతకీ ఇప్పుడు టైమెంత?" అంది నాలుగోసారి.

"ఎక్కడ?" అన్నాడు మెర్వ్.

"ఎక్కడేంటి, ఇక్కడే."

"ఈ వీధిలోనా? రోడ్డుకి నీ వైపు పది నలభై, నా వైపు పదకొండు నలభై. మధ్యలో గీత మీద ఎంతో నన్నడక్కు."

వేసవి రాగానే సరిహద్దుకి దక్షిణాన న్యూ సౌత్ వేల్స్ వాళ్ళు గడియారాలు గంట ముందుకి జరుపుకుంటారు. ఉత్తరాన క్వీన్స్‌లాండ్ వాళ్ళు జరపరు. జరిపితే ఆవులు తికమకపడతాయని, కర్టెన్లు వెలిసిపోతాయని తమమీద తామే జోకులేసుకుంటారు గానీ, చస్తే జరపరు. ఆ సరిహద్దు వచ్చి వచ్చి ఈ ఊరి నడుమ వీధిలో పడింది. బుద్ధున్న వాళ్ళు పెట్టిన ఏర్పాటులా ఉండదు అది.

క్వీన్స్‌లాండ్ వైపు బ్రిస్బేన్‌లో ప్లంబరు పని మానేసినప్పటినుంచీ మెర్వ్‌కి శనివారాలంటే షికార్లే. ఒక వారం సముద్రం, ఒక వారం కొండలు. మడత కుర్చీలు, ఐసు పెట్టె, ఏ ఊళ్ళో టీలోకి తినే ఏ స్కోను రొట్టె బాగుందో మార్కులు రాసుకునే చిన్న పుస్తకం. ఆ పుస్తకంలో పదకొండేళ్ళుగా ఉన్నవన్నీ ఉత్తరం ఊళ్ళు, పడమటి ఊళ్ళు. దక్షిణం వైపు ఒక్క ఊరు లేదు. అటు ట్రాఫిక్ ఎక్కువంటుంది గ్లెనిస్. ట్రాఫిక్ కాదని మెర్వ్‌కి తెలుసు, నోరు మెదపడు.

పదకొండేళ్ళ కిందట అక్టోబరులో, సరిహద్దుకి దక్షిణాన మర్విలంబాలో గ్లెనిస్ వాళ్ళమ్మ పోయింది. అంత్యక్రియలు పదింటికన్నారు. మూడు రోజుల ముందే అక్కడ గడియారాలు జరిగాయన్న సంగతి ఏడుపులో గ్లెనిస్‌కి తట్టలేదు, మెర్వ్‌కి అసలే తట్టదు. తన లెక్కన ఐదు నిమిషాల ముందే చేరి చర్చి మెట్లెక్కేసరికి లోపల ఎవరో రాలిన పువ్వులు ఊడుస్తున్నారు. శవపేటిక వెళ్ళిపోయింది. శ్మశానం గేటు దగ్గర, నలుగురిలో, "కాసేపు ఆగలేకపోయావా" అని ఈమె, "అమ్మ కోసం ఒక్కసారి గడియారం చూసుకోలేకపోయావా" అని తమ్ముడు క్లైవ్. "నీకు నీ గడియారం తప్ప ఇంకొకళ్ళది ఎప్పుడైనా పట్టిందా" అన్నది గ్లెనిస్ ఆఖరి మాట. ఆ తరవాత ఇద్దరికీ మాటల్లేవు.

రెండు వారాల కిందట కార్డు వచ్చింది. ముందు పెలికాన్ పక్షి బొమ్మ, వెనక క్లైవ్ కోడిగీతలు. "శనివారం పన్నెండు గంటలకి ఫింగల్ లైట్‌హౌస్ కింద బెంచీ దగ్గర ఉంటాను. టీ తెస్తాను. రాకపోతే అదే నీ జవాబనుకుంటాను, మళ్ళీ విసిగించను." ఫోను నంబరు లేదు. పంతం మనిషి, ఇవ్వడు.

ఈసారి ఆలస్యమైతే తనకింక తమ్ముడు లేడు. అందుకే గ్లెనిస్ గడియారం తిప్పుకుంది. వాడుండేది అవతల, వాడి ఊళ్ళో, వాడి టైముకే వెళ్ళాలి. ఆ ఒక్క విషయంలో ఆమెకి ఏ అనుమానమూ లేదు.

ఆమె గడియారంలో పదకొండు యాభైకి సరిహద్దు దాటి ఫింగల్ చేరారు. లైట్‌హౌస్ కింద బెంచీ ఖాళీగా ఉంది. అమ్మ చేసినట్టే గుమ్మడికాయ స్కోన్లు చేసి, తుండుగుడ్డలో చుట్టి తెచ్చింది గ్లెనిస్. వాటిని ఒళ్ళో పెట్టుకుని దారివైపు తిరిగి కూర్చుంది. మెర్వ్ కాస్త ఎడంగా కుర్చీ వేసుకుని సముద్రం చూస్తున్నట్టు నటించాడు.

పన్నెండయింది. ఎవరో కుక్కతో వచ్చి వెళ్ళారు. పన్నెండుంబావు. గ్లెనిస్ కార్డు తీసి మళ్ళీ చదివింది. శనివారమే. ఫింగలే. ఇవాళ శనివారమేనా అని మెర్వ్‌ని అడిగింది.

"నిన్న శుక్రవారం చేపలు తిన్నాం కదా. శనివారమే."

"ఒకవేళ గంట వెనక్కి తిప్పాలేమో. నేను ముందుకి తిప్పాను."

"ముందుకే. ఆగు. మనకి పదకొండైతే వాళ్ళకి పన్నెండు. వాళ్ళకి పన్నెండైతే మనకి... పదమూడా? కాదు కాదు. నువ్వు కలిపావు, ఫోను కూడా కలుపుకుంది, అంటే రెండుసార్లు కలిసిందేమో."

"నువ్వు మాట్లాడకుండా ఉంటే నాకు కొంచెం అర్థమవుతుంది మెర్వ్."

కానీ అతను నోరు మూసుకున్నా అర్థం కాలేదు. వచ్చి వెళ్ళిపోయాడా? ఇంకో బెంచీ ఉందా? పైదాకా ఎక్కి చూసొచ్చింది, లేదు. దిగేసరికి పొదల్లోంచి ఒక అడవికోడి వచ్చి తుండుగుడ్డ విప్పుకుని స్కోన్లు పొడుస్తోంది. మెర్వ్ టోపీ విసిరాడు. టోపీ కోడికి తగల్లేదు, స్కోన్లమీద పడింది.

పన్నెండున్నర దాటాక ఆమెకి తెలిసిపోయింది. రప్పించి కూర్చోబెట్టాడు. ఆ రోజు తను చేసినదానికి బదులు, ఎదురుచూడటమంటే ఏంటో చూపించాడు. పదకొండేళ్ళు ఆలోచించి మరీ చేశాడు.

"పద, పోదాం" అంది.

"ఇంకాసేపు చూద్దాం."

"నా గడియారం సరిగ్గా ఉంది మెర్వ్. మనిషే సరిగ్గా లేడు."

కారులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. మెర్వ్‌కి ఓదార్చడం చేతకాదు, ఆకలేస్తోందన్నాడు. సరిహద్దు దాటి కూలంగట్టాలో ఒక బేకరీ ముందు ఆపాడు. లోపల గాజు పెట్టె వెనక పొట్టిగా, లావుగా ఉన్న ఆవిడ మాంసం కూరిన పై రొట్టెలు సర్దుతోంది.

"రెండివ్వండి. భోజనాల వేళ దాటిపోయింది" అన్నాడు మెర్వ్.

"ఎక్కడ దాటిందయ్యా, ఇంకా మొదలే కాలేదు" అందావిడ, గోడవైపు చెయ్యి చూపిస్తూ. గోడ గడియారంలో పదకొండు యాభై రెండు. "అవతల దాటుంటుంది. కొంతమంది అక్కడ తినొచ్చి, ఇక్కడ మళ్ళీ తింటారు. నాకు మంచిదే."

గ్లెనిస్ ఆ గడియారం వంక అలాగే చూస్తూ నిలబడింది. తన ఇంట్లో గోడమీద కూడా ఇప్పుడు అదే టైము.

"మెర్వ్. క్లైవ్ పన్నెండన్నది ఎవరి పన్నెండు?"

"వాడిదే. అక్కడుండేవాడు మన టైము ఎందుకు రాస్తాడు?"

"వాడికోసం నేను అక్కడి టైము ఎందుకు పెట్టుకున్నాను మరి?"

మెర్వ్ తన పై రొట్టె కొరకబోయి ఆగిపోయాడు. తల గోక్కున్నాడు. "వాడు అంత ఆలోచించే రకం కాదు కదా గ్లెనిస్."

కాదు. జన్మలో ఎవరికోసమూ తగ్గిన మనిషి కాదు. వెనక్కి వెళ్ళి మళ్ళీ ఖాళీ బెంచీ చూస్తే ఒకే రోజు రెండుసార్లు మొహం చెల్లకుండా పోతుంది. అయినా, నీకు ఇంకొకళ్ళ గడియారం ఎప్పుడైనా పట్టిందా అని అన్నది తనే. ఆ మాట వాడు మోసుకుని తిరుగుతున్నాడేమో. లేదేమో. ఆమెకి ఏదీ తేలలేదు.

"కారు తిప్పు" అంది.

తిప్పాడు గానీ, హడావుడిలో మెర్వ్ తప్పు రోడ్డెక్కాడు. అటూ ఇటూ చెరకు తోటలు, ముందు గేటు, గేటుకి తాళం. వెనక్కి వచ్చేసరికి వంతెన మీద సెలవులకొచ్చినవాళ్ళ కేరవాన్ బళ్ళు బారులు తీరి ఉన్నాయి. గ్లెనిస్ గడియారం చూసుకుంటూనే ఉంది. పన్నెండు దాటింది, ఎవరి లెక్కనైనా సరే దాటింది. క్లైవ్ ఆగే మనిషి కాదు. అమ్మ శవపేటిక ముందరే ఆగనివాడు బెంచీ మీద ఆగుతాడా?

బెంచీ మీద ఎవరో ముసలాయన వంగి కూర్చుని ఉన్నాడు. దగ్గరికి వెళ్ళేదాకా అది క్లైవ్ అని ఆమెకి తెలియలేదు. జుట్టంతా పోయింది. పక్కన ఫ్లాస్కు, దాని ముందు రెండు కప్పులు, రెండిట్లోనూ టీ పోసే ఉంది.

"వచ్చావా" అన్నాడు.

"ఎప్పుడో వచ్చాను. పన్నెండుకి ముందే. నీ పన్నెండుకి" అని మణికట్టు చాపింది. ఒకటీ ఇరవై ఏడు.

క్లైవ్ చూశాడు. చొక్కా చెయ్యి పైకి లాగి తన గడియారం పక్కన పెట్టాడు. పన్నెండూ ఇరవై ఏడు.

"నీ టైముకి రాశాను. పొద్దున్నే తిప్పుకున్నాను. నువ్వు నాకోసం తిప్పుకుంటావని నేనేం కలగన్నానా."

"నువ్వు తిప్పుకుంటావని నాకు మాత్రం ఎవరు చెప్పారు."

"అయితే ఇప్పుడు టైమెంత?" అన్నాడు వెనకనుంచి మెర్వ్.

క్లైవ్ కప్పులవైపు చూస్తూ అన్నాడు. "సరిగ్గా పన్నెండుకి పోశాను. పది నిమిషాలు చూసి వెళ్దామనుకున్నాను. ఇరవై అయింది. లేవబుద్ధి కాలేదు. కూర్చుంటే అరగంట ఏమంత పెద్దది కాదే గ్లెన్. ఆ రోజు కూడా కూర్చోవాల్సింది."

గ్లెనిస్ తమ్ముడి పక్కన కూర్చుని ఒక కప్పు అందుకుంది. టీ ఎప్పుడో చల్లారిపోయింది. చివరిదాకా తాగింది.