నెలనెలా తనిఖీ

భర్త నీలం యూనిఫాం చొక్కాకు ఊడిన బొత్తాం కుడుతోంది ఆమె. సూదిలోకి దారం ఆరోసారికి ఎక్కింది. కుట్టడం అయ్యాక దారం పంటితో తెంపి చొక్కా అందించింది.

"ఇదేంటే, చొక్కాకి ఆకు మొలిచింది?" అని నవ్వాడు లిఫ్టు మెకానిక్ అయిన భర్త.

"నీలం దారమే అనుకున్నానండీ" అంది ఆమె, ఆ పచ్చదారాన్ని వేలితో తడుముతూ.

కూతురికి అనుమానం వచ్చింది. ఆ రోజే తల్లిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పింది. చక్కెర జబ్బు ఏళ్ళుగా లోలోపల ఉందట. ఎడమకంటి చూపు ఇక రాదు. కుడికన్నైనా దక్కాలంటే రేపే ఇంజెక్షన్లు మొదలుపెట్టాలి.

"ఇన్నాళ్ళూ రక్తపరీక్ష ఎందుకు చేయించలేదని డాక్టరు అడిగాడు నాన్నా. ఏం చెప్పమంటావు?"

అతను తల దించుకున్నాడు. నిరుడు వీధి చివర ఉచిత రక్తపరీక్షల శిబిరం పెట్టినప్పుడు నర్సు గుమ్మంలోకి వచ్చి మరీ చీటీ ఇచ్చింది. ఆమె తల దువ్వుకుని, చెప్పులేసుకుని బయల్దేరింది కూడా.

"పరీక్ష ఊరికే చేస్తారు. ఏదో ఉందని తేలితే జీవితాంతం మాత్రలు ఎవడిస్తాడు? బాగున్న ఒంటిని కెలుక్కోకు" అన్నది అతనే. ఆమె చెప్పులు విప్పేసింది. ఆ చీటీతో అతను వేళ్ళకున్న గ్రీజు తుడుచుకున్నాడు.

"ఆయన్నేం అనకే. ఖర్చని నేనూ ఊరుకున్నాను" అంది భార్య.

ఆమె తిట్టినా అతనికి అంత గుచ్చుకునేది కాదు.

"లిఫ్టు బాగా తిరుగుతున్నా నెలనెలా వెళ్ళి ఇనుప తాళ్ళు చూసొస్తావు. ఖర్చెందుకని ఓనరు అంటే, తెగాక చూసేదేముందని పోట్లాడతావు. ఆ పాటి చెయ్యదా నాన్నా అమ్మ?"



మాత్రల ఖర్చు అబద్ధం కాదు. ఆ జీతానికది బరువే. డబ్బు లేక ఆగిపోయేవాళ్ళకు దారి చూపడం నలుగురి బాధ్యత. కానీ తెలుసుకోవడానికే జంకి, ఆ పిరికితనానికి ఖర్చని పేరుపెట్టి, ఇంకొకరి ఒంటి మీద పెత్తనం చేసే హక్కు ఎవరికీ లేదు. ఆ సంగతి అతనికి తెలిసేసరికి ఒక కన్ను ఆరిపోయింది.

మర్నాడు పొద్దున అతను అదే చొక్కా తొడుక్కున్నాడు. పచ్చదారం విప్పలేదు. నేనూ రానా అని అడగాలని గుమ్మం దగ్గర నిలబడ్డాడు గానీ, అడగడానికి మొహం చెల్లలేదు.

వీధి కుళాయికి వెళ్ళినా "వెళ్ళొస్తానండీ" అని, అతను "ఊఁ" అనేదాకా ఆగే మనిషి ఆమె. ఇవాళ చెప్పులేసుకుని, కూతురి భుజం పట్టుకుని, మాటైనా లేకుండా గడప దాటి వెళ్ళిపోయింది.