నవ్వుకు చోటివ్వని మనిషి

శనివారం పొద్దున గొడవ మస్టర్డ్ సీసా మూత దగ్గర మొదలైంది. మూత తీసి వదిలేసింది మా ఆయన బార్నీయే. అడిగితే, "నేను ముట్టుకోనే లేదు!" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచాడు.

"అరవకు బార్నీ, పక్కనే ఉన్నాను."

"నువ్వు గొణుగుతావు ఏడెల్. నలభై ఏళ్లుగా గొణుగుతూనే ఉన్నావు."

నేను గొణగను. అతనికి చెవులు పోతున్నాయి. డాక్టరిచ్చిన వినికిడి మిషన్ రెండేళ్లుగా మేజోళ్ల సొరుగులో పడి ఉంది. రేడియోలో చెవిటి మామ వేషంతో ఇరవై ఏళ్లు దేశాన్ని నవ్వించిన మనిషి, తనకే చెవుడంటే ఒప్పుకుంటాడా?

ఆ సాయంత్రం క్యాట్‌స్కిల్ కొండల్లోని హోటల్లో అతని జోకుల షో. వరసగా చప్పగా పోతున్నాయనీ, ఇంకో రెండు శనివారాలు చూసి మానిపించేస్తాననీ మేనేజరు నాతో చెప్పాడు. వెనక బల్ల దగ్గర కూర్చుని టేప్ రికార్డర్ నొక్కాను. జోకులు బాగానే ఉన్నాయి. జనం పగలబడి నవ్వబోయేలోపే, ఆ నవ్వు చెవిన పడక ఇతను తర్వాతది మొదలెడతాడు. అది వినాలని వాళ్లు ఒకరినొకరు "ష్" అనుకుంటారు. నవ్వు అక్కడే చస్తుంది.

తిరుగు దారంతా కారులో ఒకటే సణుగుడు.

"శవాలు! టిక్కెట్టు కొనుక్కొచ్చిన శవాలు!"

"నవ్వారు. నువ్వే నవ్వనివ్వలేదు."

"యాభై ఏళ్లుగా చేస్తున్న పని, నాకే నేర్పుతావా?"

ఆదివారం మధ్యాహ్నం టేపు పెట్టి సౌండ్ పూర్తిగా పెంచాను. బార్నీ చెవి ఆనించి, పాత అలవాటుగా పెన్సిల్ తీశాడు. రేడియో రోజుల్లో ఒక్కో నవ్వు ఎన్ని సెకన్లుందో రాసుకునేవాడు. మొదటి జోకుకు ఒకటి. రెండోదానికీ ఒకటే. మూడోదానికి ఒకటిన్నర. నాలుగోదానికి ఏమీ రాయలేదు. టేపు వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు.

"ఎవడీ వెధవ, జనాన్ని నవ్వనివ్వడేం?"

నేను టేపు ఆపాను.

"ఎన్నాళ్లుగా ఇలా?"

"రెండేళ్లుగా."

"చెప్పొచ్చుగా!"

చెప్పానని గుర్తు చేసే ఓపిక నాకు లేదు.

రాత్రి భోజనానికి కూతురు నయోమి, అల్లుడు వచ్చారు. నేను సూప్ వడ్డిస్తుంటే బార్నీ గ్లాసు మీద చెంచాతో కొట్టాడు.

"వచ్చే శనివారం స్టేజి మీద మిషన్ పెట్టుకుంటున్నాను. అందరికీ చూపించి మరీ. మొదటి పది నిమిషాలూ నా చెవుల మీదే జోకులు."

నయోమి చప్పట్లు కొట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"మరి ఇంట్లో కూడా పెట్టుకుంటావా?" అని అడిగాను.

"ఇంట్లో దేనికి? ఇక్కడెవరు నవ్వుతున్నారు గనక!"