వేల తప్పిన మమ్మీ

"మన నిర్మల మూడేళ్ళ నుంచి మంచంలో ఉందంట" అని చెంచురామయ్య చేను నుంచి ఇంటిదాకా పరుగెత్తుకొచ్చి భార్య రాఘవమ్మకు చెప్పిన మాటలో నిజం ఒక్క ముక్కే. ఆ ముక్క "మూడు". మిగతాదంతా మోటారు మహిమ.

జరిగింది ఇదీ. ఆదివారం పొద్దున చండ్రుగొండ పక్కన తన మిరపచేలో ఆయన మోటారు వేసి నిలబడ్డాడు. పాల్వంచ నుంచి మనవరాలు లిఖిత ఫోను చేసింది. వాళ్ళ కాలనీ క్లబ్బులో ఆ సాయంత్రం పాత నలుపు తెలుపు దయ్యాల సినిమా వేస్తున్నారు. ఈజిప్టు గోరీలోంచి ఎండిపోయిన శవం ఒకటి లేచి ఊరి మీద పడే కథ. ఆ పిల్ల అన్నది: "తాతయ్యా, నాలుగింటికి క్లబ్బుకు రా, సినిమా ఉంది. మూడు వేల ఏళ్ళు పెట్టెల పండుకున్న మమ్మీ, ఒళ్ళంతా కట్లతోటి లేచి నడుస్తది."

నీళ్ళు తోడాల్సిన మోటారు ఆ పూట మాటలు తోడేసుకుంది. "సినిమా"ను మింగింది, "పెట్టె"ను మింగింది, అసలు సిసలు "వేల"ను గుటకేసింది. చెంచురామయ్య చెవికి చేరినవి ఇవి: నాలుగింటికి క్లబ్బుకు రా, మమ్మీ, మూడేళ్ళు, పండుకున్న, ఒళ్ళంతా కట్లు. వేళకు ఒక "వేల" వినపడకపోతే ఎంత వేళాకోళం అవుతుందో చూడండి. "వస్తున్నా" అని అరిచి ఫోను పెట్టేశాడు.

లిఖిత మమ్మీ అంటే ఆయన ఒక్కగానొక్క కూతురు నిర్మలాదేవి. ఆమె తండ్రితో మాట్లాడక సరిగ్గా మూడేళ్ళు. దానికి కారణం ఆయన నోరే. మాటను మెలిపెట్టనిదే చెంచురామయ్యకు ముద్ద దిగదు. అల్లుడు భాస్కర్‌కు థర్మల్ ప్లాంటు కాలనీలో పెద్ద క్వార్టరు వచ్చి పాలు పొంగించిన రోజున నిర్మల ఒంటి చేత్తో యాభై మందికి వండింది. ఈయన పంక్తి మధ్యలో కూర్చుని, విస్తరి దాటి పారిపోతున్న పులుసుకు అన్నంతో కట్టవేస్తూ, "అమ్మా నిర్మలా, ఇది సాంబారా, సాగర్ కాల్వా?" అన్నాడు. పంక్తి పంక్తంతా విరగబడి నవ్వింది. భాస్కర్ పై ఆఫీసరుకు పొలమారింది. నిర్మల గరిటె కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు పలచనైంది సాంబారు, చిక్కబడింది కోపం.

"మూడేళ్ళు అలిగింది అనుకున్ననే గని, ఒరిగింది అనుకోలే" అన్నాడు చెంచురామయ్య. ఈసారి మెలిక దానంతటదే పడింది, ఆయన వేసింది కాదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రాఘవమ్మ ఒక క్షణం మొగుడి ముఖం చూసింది, ఒక క్షణం పైకప్పు చూసింది. ఫోను చేసి అడుగుదామా అని ఆయన అంటే వద్దంది. ఫోనులో అడిగితే కూతురు చెప్పదని, ఎదురుగా పోయి నిలబడాలని చెప్పింది. ఎముకలకు మంచిదని నల్లేరు పచ్చడి సీసా ఒకటి సంచిలో పెట్టి, గుమ్మం దాకా వచ్చి అన్నది:

"పోయి తప్పు నాదని ఒక్క మాట అను. వంకర మాట కాదు, తిన్నని మాట. కట్లు అవే ఊడతయ్."

ఆ కంగారులో ఆయన కళ్ళద్దాలు అరుగు మీదే మరిచిపోయాడు. కొత్తగూడెంలో బస్సు మారి, పాల్వంచ దాకా దారంతా ఆ తిన్నని మాటను సాధన చేశాడు. ఎన్నిసార్లు మొదలుపెట్టినా సాంబారు దగ్గరికి వచ్చేసరికి నాలుక సంబరం వైపు జారిపోయేది. పక్క సీటాయన రెండుసార్లు చూసి మూడోసారి సీటు మారాడు.

క్లబ్బు గుమ్మంలో వాచ్‌మన్ మంగీలాల్ కూర్చుని ఉన్నాడు. మంచంలో ఉన్న మనిషి క్లబ్బులో ఎందుకుంటుందని ఆలోచించే స్థితిలో చెంచురామయ్య లేడు; మనవరాలి మాటతోనే మమ్మీ ఎక్కడుందని అడిగాడు.

"లోపలనే ఉంది సార్. ఇప్పుడే లేస్తది, జల్దీ పోండి."

"నడుస్తదా?"

"నడుస్తది గని ఒక కాలు ఈడుస్తది."

"మాట్లాడతదా?"

"ఒక్క ముక్క మాట్లాడది సార్. గట్ల ఊకె చూస్తది. ఆ చూపుకే మనుషులు వణికి చస్తరు."

"అది చిన్నప్పటి నుంచి అంతే" అని నిట్టూర్చి చెంచురామయ్య లోపలికి నడిచాడు.

హాలంతా చీకటి. ఎదురుగా తెల్లటి వెలుగులో, తల నుంచి పాదం దాకా గుడ్డపీలికలు చుట్టిన మనిషి ఒకరు మెల్లగా కళ్ళు తెరుస్తున్నారు. అద్దాలు లేని కంటికి తెర కనపడలేదు, కట్లు కనపడ్డాయి. కుర్చీల మధ్య దారి వెంట పోయి, పచ్చడి సీసా గుండెకు అదుముకుని తెర ముందు నిలబడ్డాడు.

"అమ్మా నిర్మలా" అన్నాడు, ఊరంతా వినే తన గొంతుతో. "తప్పు నాదే తల్లీ. నీ సాంబారు మంచిగనే ఉండె. నలుగుర్ల నవ్వులకోసం నేనే నోరు జారిన. ఆ రోజు పలచనైంది సాంబారు కాదమ్మా, నేను."

తెర మీద మమ్మీ చెయ్యి ఎత్తింది. దీవెనో దెబ్బో తెలియక చెంచురామయ్య తల వంచాడు. ఇదంతా సినిమాతో పాటు వచ్చే ప్రత్యేక ఆకర్షణ అనుకుని వెనక వరసలు ఈలలు వేశాయి. ఎవరో లైట్లు వేశారు.

వెనక తలుపు దగ్గర, ఇంటర్వెల్ ఇడ్లీలకు సాంబారు బకెట్ పట్టుకుని నిర్మల నిలబడి ఉంది. ఒంటి మీద ఒక్క కట్టు లేదు, కట్టుకున్న చీర తప్ప. ఆమె పెదవులు బిగపట్టి ఆపుకుంటున్నది ఏడుపో నవ్వో ఆమెకే తెలియడం లేదు.

"నాన్నా, ఇటు చూడు" అంది. మూడేళ్ళ తర్వాత మొదటి మాట. "అది ఈజిప్టోళ్ళ మమ్మీ. మీ నిర్మల ఇక్కడున్నది."

ఆయన తిరిగి చూసి, నడిచొచ్చి, ఆమె చేతులు తడిమి చూశాడు. రెండూ సవ్యంగా ఉన్నాయి. ఆమె కుర్చీ వేసి, పళ్ళెంలో ఇడ్లీలు పెట్టి సాంబారు పోసింది. అది చెంచాతో ఎత్తితే జారనంత చిక్కగా ఉంది. చెంచురామయ్య నాలుక చివరికి ఏదో వచ్చింది. ఇడ్లీ ముక్కతో సహా మింగేశాడు.

అప్పుడు నిర్మల సీసా మూత తీసి, పచ్చడి వేలితో నాకి, హాలు హాలంతా వినేలా అడిగింది:

"నాన్నా, ఇది నల్లేరా, రోడ్డుకేసే నల్ల తారా?"

కాలనీ అంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది చెంచురామయ్య.

సంగతేందని వెనక వరసలు గోల చేస్తుంటే, లిఖిత మైకు తీసుకుని పొద్దుటి ఫోను కథ చెప్పింది: తాను చెప్పింది మూడు వేల ఏళ్ళని, తాతయ్య విన్నది మూడేళ్ళని, తాను చెప్పిన మమ్మీ పెట్టెలోదని, తాతయ్య విన్న మమ్మీ ఇంట్లోదని. మరి అమ్మమ్మ అయినా ఆపలేదేందని అనుమానం వచ్చి, ఆ పిల్ల అక్కడికక్కడే చండ్రుగొండకు ఫోను కలిపి మైకు దగ్గర పెట్టింది.

"నాకు తెల్వదా ఏంది" అంది రాఘవమ్మ గొంతు, క్లబ్బు నాలుగు మూలలా. "నిర్మల రోజూ మధ్యాహ్నం నాతోటి మాట్లాడుతనే ఉంది. ఆ సినిమా సంగతి నిన్ననే చెప్పింది. మోటారు చెడగొట్టిన మాటను నేనెందుకు బాగుచెయ్యాలె? తప్పు వినబట్టే గద మీ తాత ఒక్క మాట ఒప్పు చెప్పిండు. ఇగ ఆయన అద్దాలు ఇక్కడనే ఉన్నయ్, జర చెయ్యి పట్టుకొని బస్సెక్కియ్యండి."