జీతగాడి వీడియోలు

శైలజకు ఫోన్ చూడకుండా అన్నం దిగదు. ఈ మాట ఆమె తల్లి గోపమ్మ ఎప్పుడో అన్నది గానీ, నల్గొండ హాస్టల్‌కు వచ్చాక అది నీళ్లు కూడా దిగనంత దూరం పోయింది. పొద్దున పళ్లు తోముకుంటూ ఒక పాట. కాలేజీకి నడిచే దారిలో మరో రెండు. మధ్యాహ్నం మెస్సులో పప్పు చల్లారిపోతుంటే కొరియా సీరియల్ తెలుగు డబ్బింగులో సగం భాగం. సాయంత్రం బట్టలు పిండేటప్పుడు బకెట్ పక్కన ఫోన్ నిలబెట్టి, ఎవరో హైదరాబాద్ అమ్మాయి తన గది సర్దుకునే వీడియో. ఆ అమ్మాయి రోజూ గది సర్దుతూనే ఉంటుంది. శైలజ మంచం కింద మాత్రం దసరా నుంచి చీపురు పడలేదు. డిగ్రీ రెండో ఏడు పిల్లలందరి సంగతీ ఇంతే కాబట్టి ఎవరూ ఎవరినీ ఏమీ అనేవారు కాదు.

అలా సాఫీగా సాగిపోయేదే, ఇంగ్లిష్ చెప్పే రాంచందర్ సారుకు ఒక ఆలోచన వచ్చింది.

"ఒక్కొక్కలు ముందటికొచ్చి మీ ఇష్టాలు చెప్పాలె. రోజూ ఏం చూస్తరు, ఏం వింటరు, ఏం చదువుతరు. ఇంగ్లిష్‌ల ఐదు నిమిషాలు. ఫోన్‌ను గీ పెద్ద టీవీకి కలిపి, మీకు నచ్చిన వీడియో ఒకటి చూపియ్యాలె" అన్నాడాయన.

ఇక చూడాలి. తెల్లారేసరికి క్లాసంతా మేధావులైపోయారు. పుస్తకం మొహం ఎరగని పిల్ల తనకు నవలలంటే ప్రాణమంది. పొద్దస్తమానం క్రికెట్ గొడవలు పెట్టుకునే రిత్విక్ తనకు అంతరిక్షం వీడియోలు ఇష్టమని రాసుకున్నాడు. శైలజ ఏం తక్కువ తింది? గొప్పవాళ్ల ఇంగ్లిష్ ఉపన్యాసాలు రోజూ వింటానని చెప్పాలనుకుంది. అయితే నోటికి ఎంత గొప్ప నేర్పినా ఫోన్ తెరవగానే లోపలి బండారం బయటపడుతుంది గదా. అందుకని ముందురోజు సాయంత్రం హాస్టల్ మెట్ల మీద కూర్చుని, శబ్దం తీసేసి, పది ఉపన్యాసాలు వరసగా నడిపించింది. అవి వాటి దారిన అవి నడుస్తుంటే తను రోజారమణితో కబుర్లు చెప్పింది.

రోజారమణి ఆమె గదిలోనే ఉంటుంది. పోచంపల్లి వాళ్లు. తాతల నాడు మగ్గం నేసినవాళ్లే గానీ తండ్రికి బ్యాంకులో ఉద్యోగం. మంచి మనసున్న పిల్ల, మనసులో ఏదీ దాచుకోదు. హాస్టల్‌లో చేరిన కొత్తలో "మీరేం చేస్తరే?" అని ఆమె అడిగితే, "మాకు గొర్ల మంద ఉన్నది" అంది శైలజ. అందులో అబద్ధం లేదు. మంద వాళ్లదే. ఆ మంద వెనక భుజాన గొంగడి వేసుకుని పొద్దంతా నడిచేది తన తండ్రి బీరప్పే అన్న ముక్క ఒక్కటే చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు అనుకుని ఊరుకుంది.

ఇంకొక సంగతి ఆమె మరిచేపోయింది. నిరుడు కొత్త ఫోన్ కొన్నప్పుడు పాతది బీరప్పకు ఇచ్చారు. అందులో శైలజ ఖాతా అలాగే ఉండిపోయింది, ఎవరూ తీయలేదు. ఆయన దాన్ని అంగీ జేబులో వేసుకుని, నకిరేకల్ అవతలి గుట్టల్లో, డోలు దెబ్బ మీద చెప్పే ఒగ్గు కథలు వింటూ మందను తిప్పుతాడు. ఒకే ఖాతా కాబట్టి ఆయన చూసినవి ఈమె ఫోన్‌లోకి వస్తాయి, ఈమె చూసినవి ఆయన ఫోన్‌లోకి పోతాయి. అప్పుడప్పుడూ తన సీరియళ్ల మధ్య ఒక గొర్రె తల దూరుస్తుంటే శైలజ బొటనవేలితో పక్కకు తోసేసేది.

మర్నాడు ఆమె వంతు వచ్చింది. బట్టీ పట్టిన నాలుగు ఇంగ్లిష్ వాక్యాలు చక్కగా చెప్పి, ఫోన్‌ను టీవీకి కలిపింది. పెద్ద తెర మీద ఈమధ్య చూసిన వీడియోల వరస వెలిగింది. ఇంగ్లిష్ ఉపన్యాసం ఒకే ఒక్కటి, అదీ అడుగున ఉంది. దాని పైన వరసగా, ఒగ్గు కథ రెండో భాగం. గొర్లకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపే పద్ధతి. గొర్ల అంగడిలో ఈ వారం పొట్టేళ్లు. తెర నిండా ఒక పొట్టేలు, నాలుక బయటపెట్టి, క్లాసు వైపే చూస్తోంది.

క్లాసు గొల్లుమంది. "సార్, పొట్టేలు గూడ ఇంగ్లిష్‌ల మాట్లాడుతదా?" అని రిత్విక్ అరిచాడు. అంతరిక్షం సంగతి వాడికి గుర్తులేదు.

రాంచందర్ సార్ చేయెత్తి నవ్వులు ఆపాడు. "ఏమున్నది నవ్వనీకి? మా ఊర్ల ఒగ్గు కథ చెప్తే మేం కదలకుండ కూసుండేది. ఇవి గూడ నీ ఇష్టాలేనా శైలజా? మంచిగున్నయి, వీటి గురించే చెప్పు" అన్నాడు.

నిజం చెప్పడానికి ఆయన తలుపు తెరిచే పెట్టాడు. "మా బాపు చూస్తడు సార్" అంటే అయిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ముందు బెంచీలో ఇద్దరు ఇంకా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

"నేను కాదు సార్. మా ఇంట్ల గొర్లు కాసే జీతగాడు చూస్తడు. నా పాత ఫోన్ ఆయనకిచ్చినం" అంది శైలజ.

నవ్వులు ఆగిపోయాయి. జీతగాణ్ని పెట్టుకున్న ఇంటి పిల్లను చూసి ఎవరు నవ్వుతారు? సార్ మాత్రం ఒక క్షణం ఆమె మొహం చూసి, "సరే, కూర్చో" అన్నాడు. ఆయనకు అనుమానం వచ్చిందేమోనని శైలజ చెవులు వేడెక్కాయి.

"జీతగాడు గూడ ఉన్నడా మీకు? చెప్పనే లేదు! ఏం పేరే?" అంది పక్కకు వచ్చి కూర్చోగానే రోజారమణి.

ఇంకో పేరు తోచి చావలేదు. "బీరప్ప" అంది శైలజ.

మధ్యాహ్నం గదికి వచ్చాక ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చింది. తన మీద రావలసిన కోపం పాత ఫోన్ మీదికి పోయింది. తన ఖాతా ఏయే ఫోన్లలో ఉందో వెతికి, పాత ఫోన్ పేరు కనబడితే తీసేసింది. పీడ విరగడైంది అనుకుంది. ఆ సాయంత్రమే బీరప్ప ఫోన్ చేశాడు. తెర మీద 'బాపు' అన్న పేరు వెలుగుతుంటే ఆమె చెయ్యి ఆడలేదు. పొద్దున జీతగాడన్న నోటితో సాయంత్రం బాపూ అని ఎట్లా పిలవడం? కట్ చేసింది. మర్నాడు చేస్తే మళ్లీ కట్ చేసింది. ఎవరని రోజారమణి అడిగితే సిమ్ కంపెనీ వాళ్లని చెప్పింది. రేపు తనే చేస్తాననుకుంది. ఆ రేపు ఎంతకీ రాలేదు. పాటలు మాత్రం వింటూనే ఉంది గానీ ఏదీ చెవికెక్కడం లేదు.

వారం తిరగకముందే, ఆదివారం పూట, హాస్టల్ వాచ్‌మన్ భార్య గేటు దగ్గరి నుంచి కేకేసింది. "శైలజా! నీ కోసం నకిరేకల్ దిక్కు నుంచి బీరప్పంట, వచ్చిండు!"

శైలజ మంచం మీంచి దూకింది. ఆమె చెప్పులు వెతుక్కునేలోపే రోజారమణి "మీ జీతగాడొచ్చిండే!" అని మెట్లు దిగేసింది. "ఆగవే, ఆగు" అంటూ శైలజ వెనక పరుగెత్తింది.

మందను వదలలేక ఇన్నాళ్లూ హాస్టల్ మొహం చూడని బీరప్ప వరండాలో నిలబడి ఉన్నాడు. ఉతికిన అంగీ, తలకు తెల్లటి రుమాలు, చేతిలో గుడ్డలో కట్టిన స్టీలు డబ్బా. కూతుర్ని చూడగానే ఆయన మొహం విప్పారింది. నోరు తెరిచాడు. అంతలో రోజారమణి అందుకుంది.

"నువ్వేనా బీరప్ప కాకవు! శైలు చెప్పింది. వాళ్లింట్ల జీతమున్నవంట గదా. నీ ఒగ్గు కథలు మా క్లాసంత చూసింది తెలుసా!"

ఆ పిల్ల మాటలో వెటకారం లేదు. సొంత మనిషిని పలకరించినట్టే పలకరించింది. బీరప్ప ఆమెను చూశాడు. తర్వాత కూతురి వైపు చూశాడు. శైలజ నేల చూపులు చూసింది. కాళ్ల కింద నేల చీలితే బాగుండుననిపించింది. కాదు, ఈయన మా బాపు, అనడానికి అది ఆఖరి అదను. దాన్నీ దాటిపోనిచ్చింది.

బీరప్ప వరండా దిగి కింది మెట్టు మీద నిలబడ్డాడు.

"ఔ బిడ్డా. నేనే. వాళ్లింట్లనే జీతముంట" అన్నాడు రోజారమణితో. తర్వాత శైలజకు డబ్బా అందించాడు. "సర్వపిండి, అమ్మా. పటేలమ్మ పంపింది. మీరు మంచిగున్నరా?"

మీరు. పుట్టినప్పటి నుంచి 'ఏమే', 'బిడ్డా', 'పిచ్చిదానా' తప్ప ఆ నోట శైలజ మరో పిలుపు వినలేదు. తల ఊపింది. డబ్బా ఇంకా వెచ్చగా ఉంది. దాన్ని పట్టుకోవడానికి ఆమెకు సిగ్గేసింది.

రోజారమణి కుర్చీ లాగింది. "కూసో కాకా."

"వద్దు బిడ్డా, నిలబడుడు మాకు అలవాటే. మా పటేలు, శైలజమ్మ వాళ్ల బాపు, జర ఫికర్ చేస్తున్నడు, అందుకే వచ్చిన. ఫోన్ చేస్తే కట్ అయితాందంట. దానికన్న గూడ, పాటలు వస్తలేవని ఫికర్."

"ఏం పాటలు?"

"శైలజమ్మ ఏం పాట ఇన్నా, ఏం సినిమా చూసినా గా పాత ఫోన్ల వస్తుండె. పటేలుకు సదువు రాదు, బొమ్మలు చూసి పోల్చుకుంటడు. పొద్దుగాల పాటొస్తే బిడ్డ లేసింది అంటడు. పగటీలి గా కొరియోళ్ల సినిమా వస్తే, అన్నం తింటున్నది అంటడు. ఫోన్ చేసి సదువుకునే పిల్లను సతాయించుడెందుకని గదే చూసుకుంట ఉంటడు. మొన్న ఇంగ్లీషోళ్లు మాట్లాడేటివి వరుసబెట్టి వచ్చినయి. మందను చెట్ల నీడకు ఆపి, మొత్తం కూసొని ఇన్నడు. ఒక్క ముక్క సమజ్ కాలే. గియ్యన్ని నా బిడ్డకు సమజైతున్నయి గదా అని గంత సంబురపడ్డడు."

ఆ పది ఉపన్యాసాల్లో ఒక్కటి కూడా శైలజ విన్నది కాదు.

బీరప్ప జేబులోంచి పాత ఫోన్ తీశాడు. "గా మర్నాటి సంది ఏమొస్తలేవు బిడ్డా. ఒగ్గు కథ వస్తది, గొర్లయి వస్తయి. శైలజమ్మవే వస్తలేవు. పిల్లకు జ్వరమో ఏమో, ఒకపారి చూసి రాపో అని తోలిండు."

"మీ బాపు ఎంత మంచోడే!" రోజారమణి కళ్లు చెమ్మగిల్లాయి. "మా బాపుకు నేనేం ఇంటనో గూడ తెల్వదు. ఇటియ్యి కాకా, నేను చూస్త." ఆమె ఫోన్ అందుకుని నాలుగుచోట్ల నొక్కింది. "ఖాతా పోయిందే శైలూ. పాస్‌వర్డ్ కొట్టు."

శైలజ కొట్టింది. రెండుసార్లు తప్పు పడింది. మూడోసారికి వారం రోజుల పాటలు ఒకదాని కింద ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఫోన్ ఇస్తున్నప్పుడు తండ్రి చెయ్యి ఆమె చేతికి తగిలింది. ఆయన తెర మీద వేలు పెట్టి పైనుంచి కిందికి ఆ బొమ్మలన్నీ చూశాడు.

"ఆ, వచ్చినయి. ఏం కాలే అన్నట్టు. ఇగ పటేలుకు ఫికర్ లేదు" అన్నాడు. "వస్తనమ్మా. మంద కాడ పక్కింటి మల్లేశ్‌ను కూసోబెట్టి వచ్చిన. పైలం. తినుండ్రి మంచిగ."

రుమాలు సర్దుకుని గేటు వైపు నడిచాడు. శైలజ డబ్బా కింద పెట్టి, దూరమవుతున్న ఆయన వీపును చూసింది. తను ఒక్క అబద్ధం ఆడితే దాన్ని నిలబెట్టడానికి ఆయన తండ్రితనం కూడా వదులుకున్నాడు. ఒక్క మాట నిష్టూరమాడి ఉంటే బాగుండేది. చెంప మీద కొట్టినా బాగుండేది.

"బాపూ!"

ఆ అరుపు ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. వాచ్‌మన్ భార్య ఉలిక్కిపడి చూసింది. పైన బట్టలారేస్తున్న ఆడపిల్లలు తొంగి చూశారు. బీరప్ప అడుగు ఒక్క క్షణం తడబడింది. ఆయన ఆగి, అటూ ఇటూ చూశాడు, ఎవరి పిల్లో ఎవరి బాపునో పిలుస్తోందన్నట్టు. వెనక్కి మాత్రం తిరగలేదు. గేటు దాటి, ఎదురుగా ఆగిన ఆటో ఎక్కాడు. శైలజ గేటు దాకా పరుగెత్తేసరికి ఆటో గడియారం సెంటర్ వైపు కదిలిపోయింది.

ఆమె తిరిగి వచ్చేసరికి, వరండాలో తను వదిలేసిన డబ్బాను రోజారమణి తీసి పట్టుకుని ఉంది.

"ఎవల్ని పిలిచినవే?"

"మా బాపును" అంది శైలజ. "బీరప్ప మా బాపు."

రోజారమణి ఆటో పోయిన దిక్కు చూసింది. డబ్బా శైలజ చేతుల్లో పెట్టి, ఒక్కతే మెట్లెక్కి గదిలోకి వెళ్లిపోయింది.