నిజముగా అనవలసిన మనిషి

పెన్న పొంగి మా సమాధుల తోటను కోసుకుపోయిన ఏడు అది. వరద కార్తీకంలో వచ్చింది. నేను చెప్పేది దాని వెనక వచ్చిన ఈస్టరు సంగతి.

పామిడికి దిగువన మా ఊరు. చుట్టూ నేల గట్టిది, గడ్డపార వేస్తే నిప్పు లేస్తుంది. అందుకని మా క్రైస్తవులు చచ్చినవాళ్లను ఏటి ఒడ్డున మెత్తటి మన్నులో పూడ్చేవాళ్లు. ఏట్లో నీళ్లు ఎప్పుడున్నాయి గనక? గొర్రెలు తోలుకుపోయే దారి అది. నీళ్లు వస్తాయని మా నాయన అనుకోలేదు, నేనూ అనుకోలేదు. వరదకు ముందటి వేసవిలోనే నా కూతురు సారాను అక్కడ పెట్టాము. పామిడిలో మిషను కుట్టేది. కామెర్లు వచ్చి పోయింది. ఆరు నెలలు తిరగకముందే నీళ్లు వచ్చి దాని సమాధిని కూడా ఎత్తుకుపోయాయి.

మాకు ఒక పద్ధతి ఉంది. ఈస్టరు నాడు పొద్దు పొడవకముందే అందరూ సమాధులకు సున్నం కొట్టి, కొవ్వొత్తులు వెలిగించి నిలబడతారు. చర్చి అయ్యగారు ‘ప్రభువు లేచెను’ అంటారు. సంఘంలో అందరికన్నా పెద్దవాడు ఒక్కడే ముందు ‘నిజముగా లేచెను’ అనాలి. ఆ తర్వాతే జనం అంటారు. చాలా ఏళ్లుగా ఆ మాట నాది. నోటికొచ్చిన మాట, అనేవాణ్ణి.

సారా పోయినాక నా భార్య హనుమక్క తిండి తగ్గించింది. వరద తర్వాత దాదాపు మానేసింది. ఒకరోజు పొయ్యి దగ్గర కూర్చుని అడిగింది.

“ఏమయ్యా, బిడ్డను మళ్లా చూస్తామా, చూడమా?”

“అయ్యగారు చూస్తామంటాండాడు కదా.”

“అయ్యగారు చెప్పేది నాకొద్దు. ఆయప్పకు జీతమిచ్చేది దానికే. నువ్వు చెప్పు. ఊర్లో గొర్రెలు చేను మేసినా, గట్టు జరిపినా నీ మాటే తీసుకుంటారు. యేసు లేచినాడా? లేచింటే నా బిడ్డా లేస్తాది. ఈస్టరు నాడు నువ్వు ‘నిజముగా’ అంటే నమ్ముతా. ఊరికే అనేటట్లుంటే అనొద్దు.”

నేను సరే అన్నాను. ఆ సరే అనడం ఎంత బరువో అప్పుడు తెలియలేదు.

మా అయ్యగారు జోయల్. చిన్న వయసు, మంచివాడు. ఆ ఏడు ఈస్టరుకు ముందు నలభై రోజులు జరిగే శ్రమదినాల కూటాల్లో యేసు లేచినాడనడానికి రుజువులు చెబుతున్నాడు. నేను చదివింది మూడో తరగతి. అక్షరాలు కూడబలుక్కుంటాను. కానీ పంచాయతీలో కూర్చున్నవాణ్ణి. చూసినవాడి మాట వేరు, విన్నవాడి మాట వేరు. అంతవరకు తెలుసు.

“లేచినాక ఆయన్ను ఐదు నూర్ల మందికి పైగా చూసినారు తాతా,” అన్నాడు జోయల్.

“వాళ్లల్లో ఎవరు చెప్పినారయ్యా?”

“బైబిల్లో పౌలు రాసినాడు.”

“పౌలు చెప్పినాడు, వాళ్లు చూసినారని. వాళ్లు చెప్పలేదు.”

వెనక ఓబిలేషు నవ్వాడు. సమాధులు తవ్వేవాడు అతనే. “అయ్యా, తాత కాడ చిక్కినావు. గొర్రెల పంచాయతీ మాదిరి మూడు రోజులు కూకోబెడతాడు సూడు.”

జోయల్ కోపం తెచ్చుకోలేదు. “సరే, ఇది విను తాతా. సమాధి ఖాళీగా ఉండాదని మొదట చెప్పింది ఎవరు? ఆడోళ్లు. ఆ కాలంలో ఆడోళ్ల సాక్ష్యం చెల్లదు. కల్లమాట కట్టేవాడైతే ఆడోళ్లతో చెప్పిస్తాడా? మంచి పేరున్న మగోణ్ణి పెడతాడు.”

ఈ మాట నాలో నాటుకుంది. మా పంచాయతీలోనూ ఆడదాని మాట ఎవరు లెక్కపెట్టారు? దొంగసాక్ష్యం తెచ్చేవాడు ఎప్పుడూ ఒక రెడ్డినో, బడిపంతులునో తెచ్చేవాడు, కూలి ఆడమనిషిని తెచ్చేవాడు కాదు. ఆ రోజు ఇంటికి పోయి హనుమక్క పక్కన కూర్చున్నాను. కొంచెం సంకటి తినిపించాను. తిన్నది.

గుడ్ ఫ్రైడే ఆరాధన అయినాక అందరం ఏటికి పోయాము. ఎవరి సమాధి ఎక్కడుండేదో గుర్తులు పెట్టుకోవాలని. ఇసుక తప్ప ఏమీ లేదు. సారాను మోసిన వాళ్లలో నా స్నేహితుడు జమాల్ బాషా ఉన్నాడు. ముసలోడు నాకోసం ఎండలో వచ్చాడు.

“ఈడ అన్నా. కానుగ చెట్టుకు ఇవతల. నీడలో దించినాము, నాకు బాగా గుర్తుండాది.”

“నీడ యాడిది బాషన్నా?” అన్నాడు ఓబిలేషు. “తవ్వినోణ్ణి నేను. ఎండకు నా వీపు కాలిపాయ. ఆ పక్క.”

“నీ వీపు యాడైనా కాలతాది. తాగినావు ఆ రోజు.”

“తవ్వేటప్పుడు తాగల. తవ్వినాక తాగినా!”

హనుమక్క ఇద్దరినీ కాదని ఇంకోచోటికి నడిచింది. నాకేమో నాలుగో చోటు అనిపించింది. తల దగ్గర మన్ను పోసింది నేను. నా చేతులకే గుర్తు లేదు. ఆ కానుగ చెట్టు కూడా ఇప్పుడు లేదు.

జోయల్ నన్ను పక్కకు పిలిచాడు. మెల్లగా అన్నాడు. “చూడు తాతా. యేసు సమాధి కాడ ఒక దూత ఉన్నాడంటారు సువార్తల్లో ఒకరు, ఇద్దరంటారు ఇంకొకరు. ఆడికి పోయిన ఆడోళ్లు ఎందరో కూడా తేడానే. అది చూసి అబద్ధమంటారు కొందరు. ఈడ మీరు నలుగురు నాలుగు చోట్లు చూపించినారు. అంతమాత్రాన సారాను పూడ్చింది అబద్ధమా?”

“కాదు.”

“అదే నేను చెప్పేది.”

న్యాయమైన మాట. ఒప్పుకున్నాను. ఒప్పుకుని ఇసుక వైపు చూశాను.

“అయ్యా, ఈ సమాధి కూడా ఖాళీనే,” అన్నాను. “నా బిడ్డ లేచిందా?”

 జోయల్ కూడా ఇసుక వైపే చూస్తూ అన్నాడు, “ఖాళీ సమాధి ఒకటే కాదు తాతా. చూసినామన్నోళ్లు దానికోసం ప్రాణాలిచ్చినారు. అబద్ధానికి ఎవడు చస్తాడు?”

“శ్రీరంగప్ప చచ్చినాడు.”

శ్రీరంగప్ప మా పక్క చేనువాడు. నీళ్లు చూసేవాడు అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచాడు, అది నిలబడింది, ఇక్కడే గంగ ఉందన్నాడు. శ్రీరంగప్ప బోరు మీద బోరు వేశాడు. దుమ్ము లేచింది, అప్పు మిగిలింది. ఇంకొంచెం లోతు పోతే పడతాయని పురుగుల మందు తాగిన రోజు కూడా చెప్పాడు. ఆస్పత్రి మంచం మీద కూడా అదే మాట. అబద్ధం చెప్పలేదు. మనస్ఫూర్తిగా నమ్మాడు. నీళ్లు మాత్రం లేవు.

“ఆయప్ప టెంకాయను నమ్మినాడు తాతా. వీళ్లు కండ్లతో చూసినామన్నారు. అది వేరే కదా?”

“వేరే. నేను కాదన్లేదు. చావు ఏం చెప్తాదంటే, వాళ్లు కల్లలాడలేదని చెప్తాది. చూసింది ఏమిటో చెప్పదు.”

జోయల్ కండ్లు తుడుచుకున్నాడు. “నన్ను కూడా సాక్ష్యం ఆడిదాకే తెచ్చింది తాతా. దాని అవతలికి విశ్వాసంతోనే దాటినా.”

“నేను ఇవతలే ఉండానయ్యా.”

శనివారం పొద్దుగూకే ముందు హనుమక్క సున్నం తడిపింది. నీళ్లలో సున్నం బుసబుసమంటుంటే కర్రతో తిప్పుతూ, నావైపు చూడకుండా అంది.

“తూచినావా?”

“తూచినా.”

“యా పక్కకు మొగ్గింది?”

“వాళ్లు అబద్ధం చెప్పినారని అనలేను. లేచినాడని సాక్ష్యం చెప్పలేను. నేను చూసినట్లు చెప్పమంటే రాదు మే.”

ఆమె తిప్పడం ఆపలేదు. “ఒక్క మాటే కదయ్యా. ఇన్నేండ్లు అన్నావు.”

“ఇన్నేండ్లు నన్ను ఎవరూ అడగలేదు.”

“అడగకుంటే బాగుండు,” అంది. తిప్పుతూనే, “అబద్ధమైనా అను, అని అడుగుదామనుకుంటి. అడగను. నీ మొకం చూస్తే నాకు తెలిసిపోతాది,” అంది.

పొద్దున చీకటితోనే ఏటికి పోయాము. జనం ఎవరికి తోచిన చోట వాళ్లు ఇసుక కుప్ప చేసి, దాని మీద సున్నం చల్లి కొవ్వొత్తి పెట్టారు. గాలికి ఆరిపోతుంటే మళ్లీ వెలిగిస్తున్నారు. హనుమక్క సున్నం బకెట్టు కింద పెట్టి ఊరికే నిలబడింది. తూర్పున తెల్లబడగానే జోయల్ నావైపు చూసి, “ప్రభువు లేచెను,” అన్నాడు.

నేను నోరు తెరవలేదు. అతను రెండోసారి అన్నాడు. అందరూ నావైపు తిరిగారు. హనుమక్క మాత్రం తిరగలేదు. మూడోసారి మెల్లగా అన్నాడు. వెనకనుంచి ఓబిలేషు, “నిజముగా లేచెను,” అని గట్టిగా అరిచాడు. జనం అందుకున్నారు.

నేను హనుమక్క చెయ్యి పట్టుకుని ఒడ్డు ఎక్కించాను. ఇంటికొచ్చి పొయ్యి రాజేశాను. సంకటి కెలికి, ముద్ద చేసి ఆమె ముందు పెట్టాను. గోడవైపు తిరిగి పడుకుంది. ముద్ద చల్లారింది. మళ్లీ వేడి చేసి పెట్టాను.