మధ్యలో మానేస్తే

"ఎలాగూ ఖాళీగానే ఉంటావుగా, రేపు వెళ్లి ఆ నెట్ తీయించేసి రా" అన్నాడు రాఘవ, పెరుగన్నం కలుపుకుంటూ.

ఖాళీ అన్న మాట ఆ ఇంట్లో నాగజ్యోతికి పదమూడేళ్లుగా అలవాటే. పొద్దున్నే అయిదున్నరకి లేచి, పంపు నీళ్లు పట్టి, క్యారేజీలు కట్టి, అత్తగారి కాళ్లకి నూనె రాసి, మేడమీద మిరపకాయలు ఎండబోసి, గిన్నెలు తోమి బోర్లించేసరికి రెండయ్యేది. ఆ తర్వాత కాసేపు నడుం వాల్చేది. ఆ కాసేపటిని చూసి రోజు మొత్తానికీ ఆ పేరు పెట్టారు.

ఫిబ్రవరి నుంచి ఆమె నడుం వాల్చడం లేదు. ఒంగోలులోనే గ్రానైట్ కంపెనీలో లెక్కలు చూసే రాఘవ, కిందటి జూన్‌లో షేర్ల కోసమని ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ పెట్టించాడు. జనవరిలో షేర్లు కుప్పకూలాక మళ్లీ ఆ కంప్యూటర్ ముఖం చూడలేదు. ఒకప్పుడు జ్యోతితో కలిసి బడిలో పాఠాలు చెప్పిన శరణ్య, గుంటూరులో స్కూలు గైడ్లు అచ్చువేసే ఒకాయన దగ్గర ఆమెకు పని ఇప్పించింది. వాళ్లు చేతిరాత పేజీలు మెయిల్లో పంపితే టైపు చేసి, తప్పులు దిద్ది తిరిగి పంపాలి. ఒకసారి సైన్సు పాఠంలో ఒక వాక్యం పిల్లలకి తప్పుగా అర్థమవుతుందని ఆమె రాస్తే, "మీరన్నదే సరైనది, మార్చాం" అని జవాబొచ్చింది. ఆ ఒక్క లైనునీ ఆమె నాలుగుసార్లు చదువుకుంది.

మొన్న ఆదివారం రాఘవ స్నేహితుడొకాయన కాఫీ తాగుతూ, "మీ ఆవిడ కూడా సంపాదిస్తోందట, ఇక నీకేం ఢోకా" అన్నాడు. రాఘవ నవ్వాడు. ఆయన వెళ్లాక నవ్వలేదు. అప్పట్నుంచే నెట్ బిల్లు దండగైపోయింది. "బిల్లు నేను కడతానండీ" అంటే, "నీ డబ్బూ నా డబ్బూ అని కొత్తగా మొదలెట్టావా" అన్నాడు.

మర్నాడు నెట్ కంపెనీ ఆఫీసుకి వెళ్తే, కౌంటర్లో సుభానీ అనే కుర్రాడు ఫైలు చూసి, "కనెక్షన్ సార్ పేరు మీదుంది మేడం. ఆయన రాసిచ్చిన లెటర్ తేవాలి" అన్నాడు. ఆ మర్నాడు లెటర్ తీసుకుని, ఎండలో మళ్లీ వెళ్లింది.

"ఏడాది ప్లాన్ మేడం ఇది. పది నెలలకే తీసేయమంటున్నారు కాబట్టి పదిహేను వందలు కట్టాలి. మోడెంతో మేమిచ్చిన అడాప్టర్ పోయి వేరేది వాడుతున్నామంటున్నారు, దానికి ఇంకో వెయ్యి."

"పెట్టించుకునేటప్పుడు ఇవన్నీ చెప్పలేదు కదా."

"ఫారం వెనకాల ఉంటాయి మేడం. మధ్యలో మానేస్తే కంపెనీకి నష్టం కదండీ."

అతను మామూలుగానే అన్నాడు. జ్యోతికి మాత్రం కాసేపు ఇంకేమీ వినిపించలేదు. పెళ్లయిన ఏడాదికి ఆమె చేత బడి ఉద్యోగం మానిపించారు. అత్తగారి తుంటి ఎముక విరిగినప్పుడు, రెండు పరీక్షలు మిగిలి ఉండగా బి.ఇడి. ఆపించారు. "తర్వాత రాసుకోవచ్చులే" అన్నాడు రాఘవ. "ఆడపిల్లకి చదువెక్కడికి పోతుంది" అంది అత్తగారు. ఆ 'తర్వాత' అన్నది రానేలేదు. మధ్యలో మానేస్తే ఎవరికో నష్టమని, ఆ నష్టం ఎవరో ఒకరు కట్టాలని అప్పుడు ఎవరికీ తోచలేదు. ఆమెకీ తోచలేదు. ఇన్నేళ్లకి, ముక్కూమొహం తెలియని కుర్రాడి నోట ఆ మాట వింది.

అక్కణ్ణుంచే రాఘవకి ఫోన్ చేసింది.

"నీకు మాట్లాడ్డం రాదు. నిన్ను చూసి మోసం చేస్తున్నాడు. ఫోన్ వాడికివ్వు" అన్నాడు.

సుభానీ ఆమెకి చెప్పినవే ఆయనకీ చెప్పాడు. ఫోన్ మళ్లీ ఆమె చేతికొచ్చేసరికి రాఘవ గొంతు చల్లబడింది. "రూలట. ఏం చేస్తాం, కట్టేసి రా. నీ టైపింగ్ డబ్బులున్నాయిగా."

ఆమెకి చెబితే మోసం, ఆయనకి చెబితే రూలు. జ్యోతి ఫోన్ సంచిలో వేసుకుంది. పర్సు తియ్యలేదు.

"తీయించకుండా నా పేరు మీదకి మార్చుకుంటే ఎంత కట్టాలి బాబూ?"

"భార్య పేరు మీదకైతే ఏమీ లేదు మేడం. సార్ సంతకం, మీ ఫోటో, రేషన్ కార్డు జిరాక్స్. అంతే."

సాయంత్రం రాఘవ ఆఫీసు నుంచి వచ్చి టీ తాగాక, ఫారం ఆయన ముందు పెట్టింది.

"తీయిస్తే రెండున్నర వేలు. నా పేరుకి మారిస్తే ఏమీ లేదు. ఇక్కడ మీ సంతకం కావాలి."

రాఘవ ఫారం తిప్పి వెనక అక్షరాలు కూడా చదివాడు. "బిల్లు?"

"నా పేరు మీదే వస్తుంది. నేనే కడతాను."

రెండున్నర వేలు దండగ కావడం ఆయనకీ ఇష్టం లేదు. సంతకం పెట్టాడు.

చాప మీద మిరపకాయల తొడిమలు తీస్తున్న అత్తగారు శ్యామలాంబ తలెత్తింది. "అయితే ఆ పెట్టె ముందు నుంచి లేవవన్నమాట. మధ్యాహ్నం పూట వానొస్తే మేడమీద కాయలు ఎవరు తీస్తారమ్మాయ్?"

ఇంకో రోజైతే, నేనే తీస్తానత్తయ్యా అనేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"రెండింటి నుంచి అయిదు దాకా నేను పనిలో ఉంటానత్తయ్యా. అప్పుడు ఇంట్లో ఎవరుంటే వాళ్లు తీయాలి."

"అదేంటి, నువ్వు ఇంట్లో ఉండవా?" అన్నాడు రాఘవ.

"ఆ మూడు గంటలూ ఉండను" అంది నాగజ్యోతి, ఫారం మడిచి సంచిలో పెట్టుకుంటూ.